గంటకు 300 కిలోమీటర్లు: పందెం కారులో ప్రాణాన్ని కాపాడేది ఏమిటి?

(ఒక పూర్వ విద్యార్థి, ప్రస్తుతం భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు)



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఒక సైన్సు వ్యాసం పంపమని కబురు వచ్చింది. ఏ గ్రహణాల గురించో, కంప్యూటర్ గురించో రాస్తాననుకుని ఉంటారు. నేను కారు పందాల గురించి రాస్తున్నాను. పప్పుచారు తినే హాస్టల్‌కూ కోట్ల రూపాయల కార్లకూ ఏమి సంబంధం అని నవ్వుకోకండి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్క రోడ్ల మీద ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పందెం జరిగింది. ఆ తర్వాత నా తరగతి పిల్లలు అడిగిన ప్రశ్న ఒకటే: "సార్, ఆ స్పీడులో గోడకు గుద్దితే మనిషి ఎట్లా బతుకుతాడు?"

కొందరు బతికారు. కొందరు బతకలేదు. ఆ తేడా ఎక్కడ వచ్చిందో చూడడమే ఈ పాఠం. మన ఊళ్ళలో ప్రమాదం జరిగితే "వాడి రాత అంతే" అని ఒక్క మాటతో లెక్క ముగిస్తాం. కారు పందాల వాళ్ళు కూడా చాలా కాలం అదే మాట అన్నారు. తర్వాత అనడం మానేశారు. మానేసిన తర్వాత కూడా కొంత ప్రమాదం మిగిలే ఉంది. ఎంత తప్పించవచ్చు, ఎంత తప్పదు అన్న గీత ఎక్కడుందో తెలుసుకోవాలంటే ఇంత మంచి ఉదాహరణ నాకు మరొకటి కనబడలేదు.

ముందు ఒక చిన్న లెక్క

గతిజశక్తి సూత్రం మీకు తొమ్మిదో తరగతిలోనే వస్తుంది. ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో హెచ్చవేయాలి. ఇందులో కీలకం ఆ 'వర్గం' అన్న మాట. వేగం రెండింతలైతే శక్తి నాలుగింతలవుతుంది, మూడింతలైతే తొమ్మిదింతలు. డ్రైవరుతో కలిపి ఫార్ములా వన్ కారు బరువు సుమారు 800 కిలోలు. అది గంటకు 300 కి.మీ. వేగంతో, అంటే సెకనుకు 83 మీటర్ల వేగంతో పోతోందనుకోండి. పై నుంచి కింద పడే వస్తువుకు అంత వేగం రావాలంటే అది 350 మీటర్లకు పైగా ఎత్తు నుంచి పడాలి. నాగార్జునసాగర్ డ్యామ్ ఎత్తు సుమారు 124 మీటర్లు. అట్లాంటి డ్యాములు దాదాపు మూడు, ఒకదాని మీద ఒకటి పేర్చి పై నుంచి దూకినట్టన్న మాట.

అయితే వేగం మనిషిని చంపదు. విమానంలో గంటకు 900 కి.మీ. వేగంతో పోతూ జనం కాఫీ తాగుతారు. చంపేది ఆ వేగం ఎంత తక్కువ దూరంలో సున్నా అయిందన్నది. క్రికెట్‌లో క్యాచ్ పట్టేవాడు చేతులు వెనక్కి లాక్కుంటాడు చూడండి, అదే సూత్రం. బంతిని ఆపడానికి కాస్త ఎక్కువ దూరం, కాస్త ఎక్కువ సమయం ఇస్తే చేతి మీద పడే బలం తగ్గుతుంది.

లెక్క వేసి చూద్దాం. గంటకు 192 కి.మీ. అంటే సెకనుకు 53.3 మీటర్లు. ఈ వేగం నుంచి 10 సెంటీమీటర్లలో ఆగితే శరీరం మీద సగటున భూమి ఆకర్షణకు 1,450 రెట్లు, అంటే 1,450 'జీ'లు పడుతుంది. ఒక మీటరులో ఆగితే 145 జీలు. మూడు మీటర్లలో ఆగితే 48 జీలు. వేగం అదే, మనిషీ అతనే. కారు ముందుభాగం నలిగి, అడ్డుగోడ వంగి, ఆ మూడు మీటర్లు దొరకడం ఒక్కటే తేడా. (ఈ లెక్క మీరే నోటుబుక్కులో వేసుకోండి. వేగం వర్గాన్ని దూరానికి రెండింతలతో భాగించాలి.)

ఇంతకూ మనిషి ఎన్ని జీలు తట్టుకుంటాడు? అమెరికా వైమానిక దళంలో వైద్యుడైన కల్నల్ జాన్ స్టాప్ ఈ సంగతి తన ఒంటి మీదే పరీక్షించుకున్నాడు. 1954 డిసెంబరు 10న రాకెట్లు బిగించిన బండి మీద తనను పట్టీలతో కట్టించుకుని, గంటకు 1,000 కి.మీ. దాటిన వేగం నుంచి సెకనున్నరలోపే ఆగాడు. 46 జీలు పడ్డాయి. కళ్ళలో రక్తనాళాలు చిట్లాయి, కొంతసేపు చూపు పోయింది, కానీ బతికాడు. గట్టిగా కట్టి ఉంచితే మనిషి శరీరం మనం అనుకున్న దానికంటే చాలా ఎక్కువ ఓర్చుకుంటుందని ఆ రోజు తేలింది. 'గట్టిగా కట్టి ఉంచితే' అన్న ఆ షరతు గుర్తుంచుకోండి. తర్వాత అవసరమవుతుంది.

తలరాత అనుకున్న రోజులు

1950లలో, 60లలో పందెం డ్రైవర్లు సీటు బెల్టు కట్టుకునేవారు కాదు. కారు అంటుకుంటే లోపల ఇరుక్కుపోవడం కంటే విసిరేసినట్టు బయట పడడమే మేలని వాళ్ళ నమ్మకం. ట్రాక్ పక్కన చెట్లు, ఇళ్ళు, కరెంటు స్తంభాలు ఉండేవి. ప్రేక్షకులకూ కార్లకూ మధ్య మట్టి దిబ్బ ఉంటే అదే రక్షణ. 1955 జూన్ 11న ఫ్రాన్సులో లె మాన్ పందెంలో ఒక మెర్సిడెస్ కారు జనం మీదికి ఎగిరిపడి, డ్రైవరు పియర్ లెవెగ్‌తో పాటు 80 మందికి పైగా ప్రేక్షకులు చనిపోయారు. పందెం మాత్రం ఆపలేదు. స్విట్జర్లాండ్ అయితే ఆ దెబ్బతో తమ దేశంలో ట్రాక్ పందాలనే నిషేధించింది.

ఈ తలరాత మాటను మొదట గట్టిగా ఎదిరించినవాడు స్కాట్లాండ్ డ్రైవరు జాకీ స్టీవర్ట్. 1966లో బెల్జియంలోని స్పా ట్రాక్ మీద వానలో అతని కారు జారిపోయి తుక్కయింది. కాళ్ళు లోపల ఇరుక్కున్నాయి, ఒళ్ళంతా పెట్రోలు. ఒక్క నిప్పురవ్వ పడితే అంతే. అతన్ని బయటికి తీసింది అధికారులు కాదు, తోటి డ్రైవర్లు గ్రాహం హిల్, బాబ్ బాండురాంట్. స్టీరింగు ఊడదీయడానికి పానా లేదు. ఒక ప్రేక్షకుడి దగ్గర అడిగి తెచ్చారు. దాదాపు 25 నిమిషాలు పట్టింది. ఆసుపత్రికి తీసుకుపోయే అంబులెన్సు దారి తప్పింది. ఆ రోజు నుంచి స్టీవర్ట్ కారులో పానా పెట్టుకుని తిరిగాడు. సీటు బెల్టులు, రక్షణ కంచెలు, ట్రాక్ దగ్గర సరైన వైద్యులు కావాలని పోరాడాడు. బాగుచేయని ట్రాకుల మీద పందెం వేయం అని తోటి డ్రైవర్లను కూడగట్టాడు. పిరికివాడని వెక్కిరించినవాళ్ళు తక్కువేమీ కాదు. మూడుసార్లు ప్రపంచ విజేత అయిన మనిషిని పిరికివాడనడం ఎట్లాగో నాకు అర్థం కాదు.

1973 జులై 29న హాలండ్‌లోని జాండ్‌వూర్ట్‌లో జరిగింది చదివితే మనసు చెదిరిపోతుంది. రోజర్ విలియమ్సన్ అనే ఇంగ్లీషు కుర్రవాడి కారు బోర్లాపడి అంటుకుంది. అతను లోపల బతికే ఉన్నాడు. వెనకాలే వస్తున్న డేవిడ్ పర్లీ తన పందెం వదిలేసి, కారు ఆపి, మంటల్లోకి పరిగెత్తాడు. ఒంటరిగా ఆ కారును తిప్పేయాలని తోశాడు. అక్కడున్న మార్షల్స్‌కు నిప్పు తట్టుకునే దుస్తులు లేవు, దగ్గరికి పోలేకపోయారు. పర్లీ ఒక్కడికే కారు లేవలేదు. మిగతా కార్లు పక్క నుంచి పోతూనే ఉన్నాయి. కారు ఆపి నిలబడిన పర్లీని చూసి, కాలిపోతున్నది అతని కారేనని, అతను క్షేమంగా బయటపడ్డాడని చాలామంది డ్రైవర్లు అనుకున్నారు. విలియమ్సన్ చనిపోయాడు. పర్లీకి బ్రిటన్ ప్రభుత్వం జార్జ్ మెడల్ ఇచ్చింది.

దీన్ని రాత అనగలమా? నిప్పు తట్టుకునే బట్టలు వేసుకున్న నలుగురు మనుషులు, రెండు మంచి మంటలార్పే సిలిండర్లు లేకపోవడం రాత కాదు. ఆ రోజు అక్కడ ఉండవలసినవి లేవు. అంతే.

ఇమోలా, 1994

1982 తర్వాత పన్నెండేళ్ళపాటు ఫార్ములా వన్ పోటీల్లో ఎవరూ చనిపోలేదు. 1981లో మెక్‌లారెన్ వాళ్ళు తెచ్చిన కార్బన్ ఫైబర్ కారు శరీరం అందుకు ఒక పెద్ద కారణం. అది ఉక్కు కంటే తేలిక, డ్రైవరు చుట్టూ గట్టి గుల్లలా నిలుస్తుంది. ఇక భయం లేదనే ధీమా వచ్చింది.

ఆ ధీమా 1994లో ఇటలీలోని ఇమోలా ట్రాక్ మీద మూడు రోజుల్లో కూలిపోయింది. ఏప్రిల్ 29 శుక్రవారం రూబెన్స్ బారికెల్లో కారు ఎగిరి కంచెకు కొట్టుకుంది. స్పృహ తప్పాడు, కానీ బతికాడు. మర్నాడు శనివారం ఆస్ట్రియా డ్రైవరు రోలాండ్ రాట్జెన్‌బర్గర్ కారు ముందు రెక్క విరిగి, నేరుగా గోడకు గుద్దుకుని చనిపోయాడు. ఆదివారం, మే 1న, పందెం ఏడో చుట్టులో బ్రెజిల్ వీరుడు ఐర్టన్ సెన్నా కారు టాంబురెల్లో అనే మలుపులో తిరగకుండా సూటిగా గోడలోకి పోయింది. కారు గుల్ల పగల్లేదు. ఊడిన చక్రంతో పాటు వచ్చిన సస్పెన్షన్ ముక్క ఒకటి హెల్మెట్‌లోకి దిగింది. అది నాలుగు వేళ్ళు పక్కకు తగిలి ఉంటే అతను లేచి నడిచి ఉండేవాడని చాలామంది అంటారు. వయసు 34. మూడుసార్లు ప్రపంచ విజేత. గెలిస్తే రాట్జెన్‌బర్గర్ జ్ఞాపకంగా ఊపాలని దాచిపెట్టుకున్న ఆస్ట్రియా జెండా అతని కారులో దొరికింది.

స్టీరింగు కడ్డీ విరగడమే కారణమని ఇటలీ కోర్టులు తేల్చాయి. టైర్లలో గాలి ఒత్తిడి తగ్గి కారు అడుగు నేలకు తగిలిందని వాదించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కారణం ఏదైనా, ఆ తర్వాత చేసిన మార్పులు చూడండి. 1995లో ఇంజను పరిమాణం 3.5 లీటర్ల నుంచి 3 లీటర్లకు తగ్గించారు. టాంబురెల్లో మలుపును వేగం తగ్గించక తప్పని వంపుగా మార్చారు. 1996లో డ్రైవరు తల చుట్టూ కారు అంచులు ఎత్తు పెంచి మెత్తని దిండ్లు పెట్టారు. 1999 నుంచి చక్రాలు ఊడి ఎగిరిపోకుండా గట్టి తాళ్ళతో కారుకు కట్టడం తప్పనిసరి చేశారు. ఇందులో ఏదీ కొత్త శాస్త్రం కాదు. ఇద్దరు చనిపోయాక ఇంత వేగంగా జరిగిన పని, ముందు ఎందుకు జరగలేదన్నదే నా ప్రశ్న.

మెడ కథ

స్టాప్ ప్రయోగంలో షరతు గుర్తుందా? గట్టిగా కట్టి ఉంచాలి. పందెం కారులో బెల్టులు భుజాలను, నడుమును, తొడలను కట్టేస్తాయి. తలను ఎవరు కడతారు? కారు ఆగుతుంది, ఒళ్ళు ఆగుతుంది, తల మాత్రం జడత్వం వల్ల ముందుకు పోతూనే ఉంటుంది. తల, హెల్మెట్ కలిసి సుమారు 6 కిలోలు. 50 జీలు పడితే మెడ మీద 300 కిలోల బరువు వేలాడినట్టు. అప్పుడు పుర్రె అడుగు ఎముక విరుగుతుంది. బయటికి చిన్న గాయం కూడా కనబడదు, మనిషి ఉండడు.

1981లో అమెరికాలో ఒక మిత్రుడు ఇట్లాగే చనిపోతే, జిమ్ డౌనింగ్ అనే డ్రైవరు తన బావ రాబర్ట్ హబ్బర్డ్‌ను అడిగాడు. హబ్బర్డ్ మిషిగాన్ స్టేట్ యూనివర్సిటీలో శరీర యంత్రశాస్త్రం చెప్పే ప్రొఫెసరు. ఆయన కాడి లాంటి ఒక పరికరం తయారుచేశాడు. ఎద్దు మెడ మీద కాడి వేసినట్టు భుజాల మీద ఉంటుంది, బెల్టులు దాని మీదుగా పోతాయి, రెండు పట్టీలు దాని నుంచి హెల్మెట్‌కు తగులుతాయి. తలా ఒళ్ళూ కలిసి ఆగుతాయి. దాని పేరు హాన్స్.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆ పరికరం 1980లలోనే సిద్ధం. ఫార్ములా వన్ దాన్ని తప్పనిసరి చేసింది 2003లో. మధ్యలో ఇరవయ్యేళ్ళు ఏమయ్యాయి? బరువుగా ఉందన్నారు, తల తిప్పడానికి రాదన్నారు, ఉక్కగా ఉందన్నారు. అమెరికాలో నాస్కార్ పందాల్లో 2000 మే నుంచి 2001 ఫిబ్రవరి లోపల నలుగురు డ్రైవర్లు తలకు, మెడకు తగిలిన దెబ్బలతో చనిపోయారు. నాలుగోవాడు ఏడుసార్లు విజేత అయిన డేల్ అర్న్‌హార్ట్. 2001 ఫిబ్రవరి 18న డేటోనాలో చివరి చుట్టులో గోడకు గుద్దుకున్నాడు. చూసినవాళ్ళకు అది పెద్ద ప్రమాదంలా కూడా అనిపించలేదు. అతనికి హాన్స్ ఇష్టం లేదు, పెట్టుకోలేదు. అదే ఏడాది అక్టోబరులో నాస్కార్ అందరికీ అట్లాంటి పరికరం తప్పనిసరి అంది. అందరికంటే మొనగాడు పోతేగాని మిగతావాళ్ళ మెడలోకి అది ఎక్కలేదు.

మన బళ్ళ హెల్మెట్ సంగతీ ఇంతే కదా. ఉక్క పోస్తుంది, జుట్టు రాలుతుంది, పక్క ఊరికే కదా అంటారు. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో దాదాపు 44 శాతం రెండు చక్రాల బండ్ల మీద పోయేవాళ్ళే. హెల్మెట్ నెత్తిన పెట్టుకుని గడ్డం కింద పట్టీ బిగించని తమ్ముళ్ళకు ఒక మాట: పట్టీ లేని హెల్మెట్ తలకంటే ముందే రోడ్డు మీద దొర్లుతుంది.

27 సెకన్లు

1978లో ఇటలీలోని మోంజాలో పందెం మొదలైన నిమిషంలోపే పది కార్లు గుద్దుకున్నాయి. స్వీడన్ డ్రైవరు రోనీ పీటర్సన్ కాళ్ళు విరిగాయి. ఫార్ములా వన్ వైద్యుడు, మెదడు శస్త్రచికిత్స నిపుణుడు ప్రొఫెసర్ సిడ్ వాట్కిన్స్ పరిగెత్తి వస్తే పోలీసుల వలయం అడ్డుపడింది. అంబులెన్సు ఆలస్యంగా వచ్చింది. మర్నాడు ఉదయం పీటర్సన్ చనిపోయాడు. అప్పుడు వాట్కిన్స్ ఒక షరతు పెట్టాడు. ప్రమాదాలు ఎక్కువగా జరిగేది మొదటి చుట్టులో, కాబట్టి ఆ చుట్టంతా వైద్యుడున్న కారు పందెం కార్ల వెనకాలే పోవాలి.

42 ఏళ్ళ తర్వాత, 2020 నవంబరు 29న బహ్రెయిన్‌లో మొదటి చుట్టులోనే ఫ్రెంచి డ్రైవరు రొమైన్ గ్రోజాన్ కారు గంటకు 192 కి.మీ. వేగంతో ఇనుప కంచెకు తగిలింది. పైన మనం లెక్క వేసిన వేగం ఇదే. దెబ్బ 67 జీలని తేలింది. కారు రెండు ముక్కలైంది. ముందు ముక్క కంచెను చీల్చుకుని అందులో ఇరుక్కుంది. క్షణంలో భగ్గున మంట లేచింది. ఇంట్లో చూస్తున్నవాళ్ళు అతను పోయాడనే అనుకున్నారు. అతని ఎడమ కాలు ఇరుక్కుంటే బూటు వదిలేసి కాలు లాక్కున్నాడు. 27 సెకన్లకు తనంతట తాను కంచె మీదికి ఎక్కి వచ్చాడు. అప్పటికే వెనక వచ్చిన వైద్యుల కారులోంచి డాక్టర్ ఇయాన్ రాబర్ట్స్ దూకి అతనికి చేయి అందించాడు. చేతులు కాలాయి, మిగతా ఒళ్ళు దక్కింది.

అతన్ని కాపాడింది ఏమిటో ఒక్కొక్కటే లెక్కపెట్టండి. కార్బన్ గుల్ల, మెడకు హాన్స్, నిప్పు తట్టుకునే దుస్తులు, మొదటి చుట్టులో వెనకాలే వచ్చే కారు. వీటన్నిటితో పాటు తల మీదుగా వంపు తిరిగిన టైటానియం కమ్మీ, హేలో. కంచె ఇనుప పట్టీలు నేరుగా అతని తల మీదికి రావలసినవి ఆ కమ్మీకి తగిలి పక్కకు పోయాయి. హేలో 2018లో తప్పనిసరి అయింది. బరువు ఏడు కిలోలు, పై నుంచి 12 టన్నుల ఒత్తిడి మోస్తుంది. కారు అందం చెడుతుందని, అసలు ఆట స్వభావమే పోతుందని దాన్ని వద్దన్నవాళ్ళలో గ్రోజాన్ కూడా ఉన్నాడు. ఆసుపత్రి మంచం మీద నుంచే తన మాట వెనక్కి తీసుకున్నాడు. ఒక్కో వస్తువు వెనక ఒక్కో చావు ఉంది. పీటర్సన్ చావు ఆ వైద్యుల కారును పంపింది, మంటల్లో పోయినవాళ్ళు ఆ దుస్తులు తొడిగారు.

మరి తప్పనిది ఏమిటి?

ఇంతవరకు చదివి, ఇంకొన్నాళ్ళకు కారు పందాల్లో చావే ఉండదనుకుంటున్నారేమో. ఉంటుంది. ఎందుకో చెప్పే సంఘటనలు రెండు చూద్దాం.

2014 అక్టోబరు 5న జపాన్‌లోని సుజుకా ట్రాక్ మీద వాన. ఒక కారు జారి ఆగిపోతే దాన్ని తీయడానికి క్రేన్ వచ్చింది. పసుపు జెండాలు ఊపుతున్నారు. మరుసటి చుట్టులో అదే చోట జూల్స్ బియాంకీ అనే 25 ఏళ్ళ ఫ్రెంచి కుర్రవాడి కారు కూడా జారి, నేరుగా ఆ క్రేన్ కిందికి దూరింది. గంటకు 126 కి.మీ. వేగం, 700 కిలోల కారు, 6,500 కిలోల క్రేన్. తొమ్మిది నెలలు కోమాలో ఉండి 2015 జులై 17న కన్నుమూశాడు. విచారణ సంఘం చెప్పిన సంగతి నాకు చాలా నచ్చింది. పందెం కారు అంత బరువైన యంత్రాన్ని గుద్దినా డ్రైవరు బతికేలా చేయాలనుకోవడమే తప్పు, ఆ రెండూ ఒకే చోట ఉండకుండా చూడాలి అన్నారు. అందుకే 2015 నుంచి ప్రమాదం జరిగితే ట్రాక్ అంతటా అన్ని కార్లూ ఒకే లెక్కన వేగం తగ్గించే ఏర్పాటు వచ్చింది. పరికరంతో కానిది నియమంతో అవుతుంది. కానీ నియమం నడిపేది మనిషి. 2022 అక్టోబరు 9న, అదే సుజుకాలో, అదే వానలో, పియర్ గ్యాస్లీ అనే డ్రైవరుకు నీటి తుంపరల మధ్య ఉన్నట్టుండి ట్రాక్ మీద తవ్వకపు బండి లాంటి వాహనం ఎదురైంది. తప్పించుకున్నాడు. ఎంత కోపం తెచ్చుకున్నాడో చెప్పనక్కరలేదు.

రెండోది ఇంకా కష్టమైనది. 2019 ఆగస్టు 31న స్పాలో ఫార్ములా టూ పందెం. ఎత్తు ఎక్కే మలుపులో ఒక కారు అదుపు తప్పింది. దాన్ని తప్పించబోయి 22 ఏళ్ళ ఆంత్వాన్ ఉబేర్ కారు కంచెకు తగిలి, తిరిగి ట్రాక్ వైపు అడ్డంగా వచ్చి ఆగింది. వెనక నుంచి హువాన్ మాన్యుయెల్ కొరేయా కారు గంటకు 218 కి.మీ. వేగంతో దాని పక్కటెముకల్లోకి గుద్దింది. ఉబేర్ కారుకు హేలో ఉంది, మెడకు హాన్స్ ఉంది, కార్బన్ గుల్ల ఉంది. చనిపోయాడు. కొరేయా కాళ్ళు నుజ్జయ్యాయి. విచారణలో ఏ డ్రైవరు తప్పూ కనబడలేదు, ఏదో ఒక్క కారణమని కూడా చెప్పలేకపోయారు. కొన్ని సెకన్లలో ఒకదాని వెంట ఒకటి జరిగిపోయాయి.

ఇందాక వేసిన లెక్క ఇక్కడ పెట్టి చూడండి. కారు ముక్కు నలగడానికి మీటరు చోటు ఉంటుంది. పక్కన? డ్రైవరు భుజానికీ బయటి గోడకీ మధ్య జానెడు. ఆ జానెడును మీటరు చేస్తే అది పందెం కారు కాదు, ఎడ్లబండి అంత వెడల్పవుతుంది. ఆగిన కారు ఉన్న చోటికి మరో కారు ఇరవై, ముప్పై మీటర్ల దూరం నుంచి రావడమంటే సెకనులో సగం. మనిషి కన్ను చూసి, కాలు బ్రేకు మీద పడేలోపు ఆ సగం అయిపోతుంది. కార్లు ఒకదాన్నొకటి వెంటాడడమే ఆట అయినప్పుడు ఈ ప్రమాదాన్ని ఆట నుంచి విడదీయలేం. తప్పనిదంటే ఇదే. పానా లేకపోవడం, దుస్తులు లేకపోవడం ఈ లెక్కలోకి రావు.

పందెం టికెట్ల మీద మోటారు క్రీడ ప్రమాదకరమైనదని అచ్చు వేసి ఉంటుంది. డ్రైవరు అది తెలిసే కూర్చుంటాడు. ఆ మాట పెట్టుకుని ఎవరి ప్రాణమైనా తీసుకోవచ్చా అంటే నేను ఒప్పుకోను. మార్షల్స్‌ను చూడండి. చాలామంది జీతం లేని స్వచ్ఛంద సేవకులు. 1977లో దక్షిణాఫ్రికాలోని క్యాలామీలో 19 ఏళ్ళ కుర్రవాడు ఆగిన కారు మంట ఆర్పడానికి సిలిండరు పట్టుకుని ట్రాక్ దాటుతుంటే, మెట్ట వెనక నుంచి వచ్చిన టామ్ ప్రైస్ కారు గుద్దింది. ఆ కుర్రవాడూ పోయాడు, సిలిండరు తలకు తగిలి ప్రైస్ కూడా పోయాడు. 2000లో మోంజాలో, 2001లో మెల్‌బోర్న్‌లో ఊడిన చక్రాలు తగిలి ఒక్కో మార్షల్ చనిపోయారు. చక్రాలకు తాళ్ళు కట్టడం అప్పటికే మొదలైంది, అయినా తెగాయి. వీళ్ళ పేర్లు ఏ పోస్టరు మీదా ఉండవు.

హైదరాబాదు పందెంలోనూ మార్షల్స్‌కు ఒక కొత్త పాఠం ఉండింది. విద్యుత్ కారు గుద్దుకుంటే మంట కంటే ముందు కరెంటు భయం. అందుకే కారు మీద ఒక దీపం ఉంటుంది. పచ్చగా వెలిగితే ముట్టుకోవచ్చు, ఎర్రగా ఉంటే ముట్టుకోరాదు. విద్యుద్బంధక చేతితొడుగులు లేకుండా దగ్గరికి పోకూడదు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదువుతున్న మన తమ్ముళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది.

మన పక్కనే మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది. దేశంలో పేరున్న పందాలు చాలా అక్కడే జరుగుతాయి. 2023 జనవరి 8న అక్కడ కె.ఇ.కుమార్ అనే అనుభవమున్న డ్రైవరు కారు పందెంలో చనిపోయాడు. వయసు 59. తనకేమి కావాలో, దానికి ఏమి వెల కట్టాలో తెలిసిన వయసు. ఆయన ఎంపికను నేను గౌరవించగలను.

అదే ఏడాది ఆగస్టు 5న, అదే ట్రాక్ మీద, మోటారు సైకిళ్ళ పందెంలో బెంగుళూరు నుంచి వచ్చిన ఒక బాలుడు కిందపడి చనిపోయాడు. అప్పటికే పందాలు గెలుస్తున్న, అందరూ ఆశలు పెట్టుకున్న పిల్లవాడు. చిన్నప్పుడే మొదలుపెట్టకపోతే పై స్థాయికి పోలేరని ఈ రంగంలోవాళ్ళు చెబుతారు, అది నిజమే కూడా. కానీ పైన చెప్పిన తప్పని ప్రమాదాన్ని తెలిసి ఒప్పుకోవడమంటే ఏమిటో అతనికి ఎవరు, ఏ భాషలో చెప్పగలరు? అతని వయసు 13. మన హాస్టల్లో ఎనిమిదో తరగతి. ఆ శని, ఆదివారాల్లో మిగిలిన పందాలన్నీ రద్దు చేశారు.